బాయి మూసిన కల

మఠం బాయి మూయమని పెద్దయ్య కలలోకి వచ్చి చెప్పాడని ఆ వాడంతా నమ్మింది. అలాంటి కల ఎవరికీ రాలేదు. ఆ సంగతి మొదట్లో ఇద్దరికే తెలుసు, మఠం అయ్యగారికీ నాకూ. కల ఆలోచన నాదే.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. కోహీర్ దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, నర్సు చదువు పూర్తి చేసి, డెబ్బైల చివర్లో జహీరాబాద్ సర్కారు దవాఖానలో చేరాను. దవాఖానలో కూర్చునే పని తక్కువ. వాడవాడా తిరిగి టీకాలు వేయాలి, కడుపుతో ఉన్నవాళ్లను చూడాలి, బాయిల్లో తెల్లపొడి చల్లాలి. ఆ పొడి వాసనకు జనం ముక్కులు మూసుకుని నన్ను తిట్టేవాళ్లు. "నర్సమ్మ వచ్చిందంటె నీళ్లు తాగనియ్యదు" అనేవాళ్లు. నవ్వుకుంటూనే అనేవాళ్లు గనక నేనూ నవ్వేదాన్ని.

మఠం వాడ బొంబాయి రోడ్డుకు వెనక ఉండేది. తాతల కాలంలో కర్ణాటక దిక్కునుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. ఇంట్లో కన్నడం, వాకిట్లో తెలుగు, బజారులో ఉర్దూ. చెరకు, అల్లం పండించేవాళ్లు కొందరు, వాటితో వ్యాపారం చేసేవాళ్లు కొందరు. వాడ నడుమ చిన్న మఠం. లోపల పాత స్వామి సమాధి ఉంది. ఆయన్ని అందరూ పెద్దయ్య అంటారు, సమాధిని గద్దె అంటారు. ముంగిట్లో ఉన్న బాయిని పెద్దయ్యే తన చేతులతో తవ్వాడని వాళ్ల నమ్మకం. పుట్టిన బిడ్డ నోట్లో మొదట పడేవి ఆ నీళ్లే, పోయేవాళ్ల నోట్లో చివర పోసేవీ ఆ నీళ్లే.

అప్పుడున్న అయ్యగారికి యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి. అరుగు మీద కూర్చుని కళ్లద్దాలు ముక్కు చివరకు జారేసుకుని పేపరు చదివేవాడు. అన్నదమ్ముల పంపకాలు, ఆలుమగల కొట్లాటలు ఆయన ముందుకే వచ్చేవి. ఆయన ఒక మాట అంటే దానిమీద మరొకరు మాట్లాడరు.

ఎనభైల మొదట్లో ఒక ఏడు, తొలి వానలు పడ్డ వారంలోనే గత్తర వచ్చింది. వాంతులు, భేదులు. ఒక్క పూటలో మనిషి కళ్లు గుంటలు పడేవి. మొదట ఒక ముసలాయన పోయాడు. మర్నాటికి తొమ్మిది ఇళ్లలో మంచాన పడ్డారు. నేను ఇల్లిల్లూ అడిగి చూస్తే అందరూ తాగింది మఠం బాయి నీళ్లే. బాయి చుట్టూ తిరిగాను. ప్రహరీ అవతల బెల్లం సేటు కొత్త ఇల్లు కట్టాడు. గోడను ఆనుకుని మరుగుదొడ్డి గుంత. గుంతకూ బాయికీ నడుమ పది అడుగులు కూడా లేవు. వాననీళ్లకు గుంత నిండి పొంగింది.

వాడలో పెద్దమనిషి ఆ సేటే. వెళ్లి, గుంత పొంగి బాయిలోకి చేరుతోందని చెప్పాను.

"మేము గూడ గవ్వే నీళ్లు తాగుతున్నం గద నర్సమ్మా" అన్నాడు. "పెద్దయ్య తవ్విన బాయి. చెడుతదా?"

"ఇంట్లో వాళ్లకన్నా చెప్పండి, కాచి తాగమని."

"చెప్త, చెప్త" అన్నాడు.

అక్కణ్నుంచి అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన నాతో వచ్చి గుంత చూశాడు. బొక్కెన వేసి నీళ్లు చేది వాసన చూశాడు. ఆ సాయంత్రమే పూజ అయ్యాక ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, ఎవరి గుంతో మాత్రం చెప్పలేదు. "నీళ్లు చెడినయి. కొన్ని దినాలు ఈ బాయి నీళ్లు తాగకున్రి. బోరింగు నీళ్లు తెచ్చుకోన్రి." మగవాళ్లంతా తలలూపారు. నేను మనసు కుదుటపడి దవాఖానకు పోయాను. ఆ రాత్రి అక్కడ సెలైను సీసాలు మార్చే చేతులు నావి తప్ప వేరే లేవు.

మర్నాడు పొద్దున గిరక చప్పుడు ఎప్పటిలాగే వినిపించింది. అయ్యగారిని సర్కారోళ్లు బెదిరించి చెప్పించారని వాడలో మాట పుట్టిందట.

మూడో రోజు సేటు మనుమరాలు పోయింది. నాలుగేళ్ల పిల్ల. పొద్దున వాకిట్లో ఆడుకుంది, మధ్యాహ్నానికి దవాఖానకు తెచ్చారు. నాకు నరం దొరకలేదు. ఆ చిన్న చేతిని పట్టుకుని మూడుసార్లు ప్రయత్నించాను. పిల్ల తల్లి, అంటే సేటు కోడలు, నా భుజం మీద చెయ్యేసి "జర నెమ్మదిగ, నర్సమ్మా, నొస్తది" అంటూనే ఉంది. నాలుగోసారి గుచ్చాల్సిన అవసరం రాలేదు.

మర్నాడు తెల్లవారంగనే మఠానికి పోయాను. అయ్యగారు గద్దె ముందు కూర్చుని ఉన్నాడు. పూజ చేయడం లేదు, ఊరికే కూర్చున్నాడు.

"చెప్పిన గద" అన్నాడు నన్ను చూడగానే. "ఇనలే."

"మీరు చెప్తే వినలేదు. పెద్దయ్య చెప్తే వింటారు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "ఏమంటున్నవ్?"

"కల వచ్చిందని చెప్పండి. బాయి ముట్టొద్దన్నాడని చెప్పండి."

"ముప్పై ఏండ్ల సంది ఆయన గద్దె కడుగుతున్న. ఆయన నోట్ల అబద్ధం పెట్టమంటవా?"

"ఇంకో పిల్ల పోతే?"

బయట ఎవరో బొక్కెన కింద పెట్టిన చప్పుడైంది. ఆయన ఉలిక్కిపడి అటు చూశాడు.

"ఎన్ని దినాలు మూయాలె?"

"గుంత పూడ్చాలి, బాయి తోడాలి, పొడి వేయాలి. నెల."

"నెల అంటె ఎందుకు అని అడుగుతరు. నలభై ఒక్క దినాలు అంటె అడుగరు." ఆ మాట అంటుంటే ఆయన గొంతు వేరేగా ఉంది. ఒప్పుకున్నాడని అప్పుడు తెలిసింది.

"గుంత సంగతి?" అన్నాను.

"అది ఎత్తకు. మనుమరాలు పోయిన మనిషి. తన గుంతతోనే పోయిందని నమ్మితె బతకడు. గోడెంబడి జాగ శుద్ధి చెయ్యమని పెద్దయ్య అన్నడని చెప్త. ఆయనే పూడ్చుకుంటడు."

బయటికి పోయి గంట కొట్టాడు. పెద్దయ్య కలలో కనిపించి, బాయిలో దిగి తపసు చేస్తున్నానని, నలభై ఒక్క దినాలు తాడు దింపొద్దని చెప్పాడన్నాడు. ఒక్కరు నోరెత్తలేదు. గంటలో బాయి మీద తడికె కప్పి, పసుపు చల్లి, దీపం పెట్టారు. సేటు ఏడుస్తూ తన చేతులతోనే గుంత పూడ్పించాడు. ఆడవాళ్లు బిందెలెత్తుకుని రోడ్డవతల బోరింగుకు పోయారు. ఐదు రోజుల తర్వాత ఆ వాడనుంచి దవాఖానకు కొత్తగా ఎవరూ రాలేదు.

నాకు గర్వంగా ఉండేది. దాచుకోను. డాక్టరుగారు "ఎట్ల ఆపినవమ్మా?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాను. మంచి కోసం ఆడిన అబద్ధం అబద్ధమే కాదని నాకు నేను చెప్పుకున్నాను. అయ్యగారు మాత్రం పేపరు చదవడం మానేశాడు. నేను కనిపిస్తే తల పక్కకు తిప్పుకునేవాడు.

మూడో వారంలో ఒక పొద్దున రొట్టెలామె దవాఖానకు వచ్చింది. నుదుటి మీద గుడ్డ అదిమి పట్టుకుని ఉంది, గుడ్డంతా నెత్తురు. మొగుడు పోయాక మొగుడంపల్లి దిక్కునుంచి వచ్చి, మఠం పక్క రేకుల గదిలో ఉంటూ, బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మేది. నలభై లోపు మనిషి. ఎవరి జోలికీ పోదు.

"ఏమైంది?"

"రాయి తాకింది."

కుట్లు వేస్తుంటే ఒక్కొక్కటే చెప్పింది. పెద్దయ్యకు బాయిలో దిగి తపసు చేసే అవసరం ఎందుకొచ్చిందని వాడలో చర్చ మొదలైంది. బాయి మైలపడి ఉండాలి. ఎవరి వల్ల? అందరికంటే ముందు, చీకటితో లేచి నీళ్లు చేదేది రొట్టెలామె. పిండి కలుపుకోవాలి గనక. ఆమె ముట్టులో ఉండగా చేదిందని ఎవరో అన్నారు. సేటు ఆ మాట పట్టుకున్నాడు. కిరాణం దుకాణంలో ఆమెకు జొన్నలు ఇవ్వడం ఆపేశారు. రేకుల మీద రాళ్లు పడుతున్నాయి. ఈ పొద్దు తలుపు తీయగానే ఒకటి నుదుటికి తాకింది.

"మీరు భయపడకండి" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నేనేం జెయ్యలే నర్సమ్మా. కని ఇప్పుడు నాకే అనుమానమైతున్నది. ఒక దినం ఒంట్ల మంచిగ లేక తానం చెయ్యకుంటనే చేదిన. ఆ పిల్ల నా వల్లనే పోయిందా?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. సూది నా చేతిలో ఉంది, ఆమె కళ్లు నా మీద ఉన్నాయి, గదిలో ఇంకెవరూ లేరు. నేను చెప్పలేదు. చెప్తే తడికె తీసేస్తారని, మళ్లీ గత్తర వస్తుందని భయపడ్డాను. అది నిజమే. కానీ నేను పట్టుబడిపోతాననే భయం కూడా అందులో ఉంది. "మీ వల్ల కాదు" అని మాత్రం అన్నాను. ఎందుకు కాదో చెప్పలేదు గనక ఆమె నమ్మలేదు.

కట్టు కట్టి పంపించి మఠానికి పరుగెత్తాను. అయ్యగారికి రాళ్ల సంగతి అప్పటికే తెలుసు. ఆ సాయంత్రం పూజలో మరో మాట చెప్పి చూశాడు. ఎవరి తప్పూ లేదని పెద్దయ్య మళ్లీ చెప్పాడన్నాడు. నేను గడప దగ్గర నిలబడి విన్నాను.

సేటు లేచి రెండు చేతులూ జోడించాడు. "అయ్యగారూ, మీరు దయగల్లోళ్లు. ఆడిదాన్ని జూసి కప్పిపెడుతున్నరు. మీకు చెప్ప బుద్ధి కాకుంటె మేము జూసుకుంటం."

మొదటి అబద్ధాన్ని కళ్లు మూసుకుని నమ్మినవాళ్లు రెండోదాన్ని నమ్మలేదు. మొదటిదాన్ని కాపాడటానికే నమ్మలేదు. సోమవారం పొద్దున రొట్టెలామెను తడిబట్టలతో గద్దె చుట్టూ తిప్పి, తప్పు ఒప్పించి, సామాను బండికెత్తి ఊరు దాటించాలని ఆ సాయంత్రమే తీర్మానం చేశారు.

ఆ నడుమ రెండు రోజులు అయ్యగారు తలుపు వేసుకున్నాడు. రెండుసార్లు పోయాను, తీయలేదు. రెండోసారి తలుపు లోపలినుంచే "సోమారం రా" అన్నాడు.

సోమవారం వాడంతా మఠం ముంగిట్లో ఉంది. ఆడవాళ్లు ఒక పక్కగా గోడవెంట నిలబడ్డారు. నేను దవాఖాన తెల్లచీరతోనే పోయాను. రొట్టెలామెను అప్పటికే నెత్తిమీంచి నీళ్లు పోసి తెచ్చారు. కట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, చలికో భయానికో. ఒకతను ఆమె రెక్క పట్టుకున్నాడు.

అయ్యగారు గద్దె గదిలోంచి బయటికి వచ్చాడు. "ఆమెను ఇడువు" అన్నాడు. అతను వదిలాడు.

"నాకు కల రాలే."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఇంకాస్త గట్టిగా అన్నాడు. "పెద్దయ్య నాకు కలల రాలే. నేను అబద్ధం జెప్పిన. నీళ్లు చెడినయని జెప్తె మీరు ఇనలే, అందుకు జెప్పిన. ఈమె తప్పు ఏం లేదు. తప్పు నాది."

ఒక్కసారిగా గోల. "అయ్యగారికి మతి పోయింది" అని ఒకరు. "నర్సమ్మ జెప్పిచ్చింది" అని ఒకరు. "గద్దె మీద అబద్ధమా" అంటూ ఒక ముసలాయన కింద కూలబడి ఏడవసాగాడు. సేటు మాత్రం అరవలేదు. ముందుకొచ్చి మెల్లగా అడిగాడు.

"మైల గాదంటె మరి నీళ్లు ఎట్ల చెడినయి?"

అయ్యగారు నా వైపు చూశాడు. ఆ చూపు నన్ను చెప్పమంటోందో వద్దంటోందో ఇప్పటికీ తెలియదు.

"మీ గోడెనక గుంత, సేటూ" అన్నాను. "మొదట్లనే మీకు చెప్పిన."

ఆయన ముఖం నేను వర్ణించలేను. కోపం రాలేదు. ఎవరో వెనకనుంచి పిలిచినట్టు తల తిప్పి గోడకేసి చూశాడు, అంతే. ఎవరో ఆయన్ని పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టారు.

అప్పుడు మాట్లాడింది రొట్టెలామె. ఇంకా వణుకుతూనే ఉంది. "అయ్యా, నీళ్లు చెడినయని ఎప్పుడు జెప్పిన్రు?"

"పిల్ల పోకముందే చెప్పిన. పూజల చెప్పిన."

"పూజల మొగోళ్లుంటరు. నీళ్లు చేదేది మేము. నాకు జెప్తె నేను ఇనకపోదునా? నాకు ఎవరు జెప్పలే."

గోడవెంట ఉన్న ఆడవాళ్లలో గుసగుస లేచింది. సేటు కోడలు వాళ్లలోంచి బయటికి వచ్చింది. బిడ్డ పోయినప్పటినుంచి ఆమె వాకిలి దాటలేదట. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మా మామకు జెప్పినవా?"

"చెప్పిన."

"నా బిడ్డకు నీళ్లు తాపింది మా మామనా? నేను తాపిన. ఆ దినం గూడ తాపిన. నువ్వు దినాం మా వాకిలి ముంగటికెళ్లే పోతివి. ఒక్క మాట లోపలికొచ్చి నాకు జెప్తె నీదేం పోయేది?"

నేను తల వంచుకున్నాను. పెద్దమనిషికి చెప్తే ఇల్లంతటికీ చెప్పినట్టేనని అనుకున్నాను. నేనూ ఆడదాన్నే, నేనూ అదే తప్పు చేశాను.

ఇంతలో వెనకనుంచి కేక. "పెద్దయ్య లేడంటె తడికె ఎందుకు? తీయున్రి!" ఇద్దరు మగవాళ్లు తడికె లాగేశారు. ఒకతను కోపంతో బొక్కెన విసిరాడు. నీళ్ల చప్పుడు వినిపించింది. నేను వారం కిందటే ఎవరూ చూడకుండా తడికె సందులోంచి పొడి వేశాను గానీ బాయి తోడలేదు. "వద్దు, వద్దు" అని అరిచాను. నన్ను ఎవరు వింటారు?

సేటు కోడలు పరుగెత్తి పోయి తాడు పట్టుకుంది. "ఇడువు" అంది. అతను బిత్తరపోయి వదిలాడు. బొక్కెన పైకి లాగి, నీళ్లు గచ్చు మీద కుమ్మరించి, తాడు చుట్టి చంకలో పెట్టుకుని బాయి అంచున కూర్చుంది. "నా బిడ్డను తిన్న నీళ్లివి. ఎవరికి గావాల్నో రాన్రి. నా ముంగట తాగున్రి" అంది. ఒక్కరూ రాలేదు. కాసేపటికి ఆడవాళ్లు ఇద్దరు పోయి ఆమె పక్కన కూర్చున్నారు, తర్వాత ఇంకొందరు. ఆ నలభై ఒక్క రోజులు ఎప్పుడు నిండాయో ఎవరూ లెక్కపెట్టలేదు. బాయి తోడి, నేను మూడుసార్లు పరీక్షకు పంపి, బాగున్నాయని కాగితం వచ్చేదాకా ఆ తాడు సేటు కోడలి ఇంట్లోనే ఉంది.

కానీ అంతా మంచిగా అయిందని చెప్పలేను. సేటు మంచం పట్టాడు. ఏ జబ్బూ లేదు. దుకాణం కొడుక్కి వదిలేసి గోడకేసి తిరిగి పడుకునేవాడు. రెండేళ్లకు పోయాడు. ఆయన బతకడని అయ్యగారు ముందే అన్నాడు. రొట్టెలామె ఊరు విడవలేదు. తడిబట్టలతో నిలబెట్టినవాళ్లలో ఒక్కరు కూడా తప్పైందని అనలేదు. కొన్నాళ్లకు మళ్లీ ఆమె దగ్గరే రొట్టెలు కొనడం మొదలుపెట్టారు, అంతే. నా నుంచి మాత్రం ఆమె ఆ తర్వాత మందు తీసుకోలేదు. కుట్లు విప్పించుకోవడానికి వేరే నర్సు ఉన్న రోజు చూసుకుని వచ్చింది.

అయ్యగారిని పొమ్మన్నారు. అబద్ధం ఆడినందుకు కాదు, ఆడానని చెప్పినందుకు. అలా అని ఎవరూ అనలేదు గానీ నాకు అలాగే తోచింది. ఒక రేకు పెట్టె పట్టుకుని బీదర్ దిక్కు పోయే బస్సెక్కాడు. సాగనంపడానికి నేనూ, సేటు కోడలూ మాత్రమే ఉన్నాం.

నాలుగైదేళ్ల తర్వాత నన్ను రాయికోడ్ దిక్కుకు మార్చారు. అక్కడొక పల్లెలో మళ్లీ గత్తర వచ్చింది. గుడి పూజారి మంచివాడు, తనంతట తనే అన్నాడు. "నర్సమ్మా, అమ్మోరు పూనిందని జెప్త. రేపటికి చెరువు దిక్కు ఒక్కరు పోరు."

"వద్దు పంతులూ" అన్నాను. ఇల్లిల్లూ తిరిగాను. వంటింట్లోకి పోయి, నీళ్లు ముంచే ఆడమనిషితోనే మాట్లాడాను. కాచి చూపించాను. మూడు రోజులు పట్టింది. రెండో రోజు, నేనింకా చేరని వీధిలో ఒక పాతికేళ్ల మనిషి పోయాడు. పొలంనుంచి వస్తూ చెరువు నీళ్లు తాగాడట.

ఆ సంగతి మోయలేక ఒక ఆదివారం అయ్యగారిని వెతుక్కుంటూ పోయాను. సరిహద్దు అవతల చిన్న ఊళ్లో, ఒక రైతు ఇంటి వసారాలో ఉంటూ పిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. అంతా విన్నాడు.

"పూజారితోని చెప్పిస్తె ఆ పిల్లగాడు బతికేటోడా?" అని అడిగాడు.

"తెల్వది అయ్యగారూ. బతికేటోడేమో."

"ఎవరి మీదనన్న రాళ్లు పడేటియా?"

"అదీ తెల్వది."

ఆయన అద్దాలు తీసి పంచెతో తుడిచాడు. "ఆ పొద్దు కల చెప్పినందుకు నేను బాధపడలే" అన్నాడు. "వాండ్లకు నిజం తలకెక్కదని నాకు నేనే అనుకున్న చూడు, గదే నన్ను నిద్రపోనియ్యదు. ఒక్కసారి చెప్పి ఊకున్న. ఇంకోసారి, ఇంకో వాకిట్ల చెప్పి సూడకపోతి."

పిల్లలు పలకలు పట్టుకుని వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆయన వాళ్లవైపు తిరిగాడు. మధ్యాహ్నం బస్సుకు నేను వెనక్కి వచ్చాను. మర్నాడు ఆ చనిపోయిన మనిషి ఇంటికి పోయి, మీ వీధికి రావడం ఆలస్యమైందని అతని భార్యకు చెప్పాను. ఆమె చాలాసేపు నన్ను చూసి, కూర్చోమని పీట వేసింది.